సమ్మెలో పారబోసిన కల్లు

మా నాన్న కల్లుకు మంచిరోజులు వచ్చింది తెలంగాణ ఉద్యమం పుణ్యమా అని. అవి పోయింది కూడా దాని పుణ్యమే. ఈ మాటంటే మావాళ్ళలోనే కొందరి ముఖాలు మాడిపోతాయి. మాడనీ. రాష్ట్రం రావాలని నేనూ కోరుకున్నాను, రోడ్డు మీద కూర్చున్నాను, గొంతు పోయేలా అరిచాను. అయినా జరిగింది జరిగినట్టు చెప్పే హక్కు నాకుంది.

అప్పట్లో మేం కర్మన్‌ఘాట్‌లో ఒక ఇరుకు ఇంట్లో కిరాయికుండేవాళ్ళం. బడంగ్‌పేట్ పోయే దారిలో, ఇంకా ప్లాట్లు పడని ఒక చేను గట్ల మీద తాటి చెట్లుండేవి. చేను మాది కాదు. ఆసామికి చెట్టుకింతని కట్టి నాన్న కల్లు గీసేవాడు, చెట్ల కిందే అమ్మ కూర్చుని అమ్మేది. చుట్టుపక్కల చేలల్లో హద్దురాళ్ళు లేస్తున్న కాలం. ఆసామి ఏటా దసరాకు ఒకే మాట చెప్పేవాడు: "నువ్వు కడుతున్నన్ని రోజులు నేను చెట్లల్ల వేలు వెట్ట. నువ్వు బందువెడితే మాత్రం మిషను దెప్పిస్త." అంటే కల్లు అమ్ముడైనన్ని రోజులే ఆ చెట్లు నిలబడతాయి. చెట్లు నిలబడినన్ని రోజులే నాన్న నాన్నలాగా ఉంటాడు. అది ఇంట్లో అందరికీ తెలుసు.

గీత పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా కోపం ఎవరికీ అర్థం కాదు. తాటి చెట్టు ఊరికే కల్లు కార్చదు. పొద్దునా సాయంత్రం ఎక్కి గెల కొసను కత్తితో పలచగా చెక్కాలి. చెక్కిన చోట ఊరిన కల్లు, అక్కడ కట్టిన లొట్టిలో, అంటే చిన్న మట్టికుండలో, బొట్టుబొట్టుగా పడుతుంది. వరసగా కొన్ని పూటలు వదిలేస్తే గెల ఎండిపోతుంది. ఇక ఆ ఏడాదికి ఆ చెట్టు మీద ఆశ వదులుకోవాల్సిందే. అందుకే నాన్నకు పండగ లేదు, జ్వరం లేదు. సొంత చెల్లెలి పెళ్ళిలో తలంబ్రాలు పడకముందే లేచి వచ్చాడని మా మేనత్త ఇప్పటికీ దెప్పుతుంది.

ఉద్యమానికి ముందు మా దగ్గరికి వచ్చేవాళ్ళు మేస్త్రీలు, సెంట్రింగ్ కూలీలు, కూరగాయలమ్మే ఆడవాళ్ళు. చదువుకున్నవాళ్ళంతా బీరు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్‌కు వెళ్ళేదాన్ని. నాతో చదివే మగపిల్లలు ఆదివారం తాగిన బీరు గురించి సోమవారం మధ్యాహ్నం దాకా చెప్పుకునేవాళ్ళు. కల్లు మాటొస్తే ముక్కు మూసుకునేవాళ్ళు. చదువుకున్నవాళ్ళలో మాకున్న గిరాకీ ఒకే ఒక్కడు. మా సందులో సొంతిల్లు కట్టుకున్న గుంటూరు వైపు పెద్దాయన, రిటైరైన గుమాస్తా. పొద్దున్నే స్టీలు గిన్నె పట్టుకుని స్కూటర్ మీద చెట్ల దాకా వచ్చేవాడు. "ఏవండీ, తియ్యటిది కొంచెం పోస్తారా? దీనికి తప్ప నా కడుపు దేనికీ లొంగట్లేదండీ" అనేవాడు. మా నాన్నను అండీ అని పిలిచిన మనిషి ఆయనొక్కడే.

ఉద్యమం వేడెక్కాక అంతా తలకిందులైంది. మన యాస, మన బతుకమ్మ, మన బోనం అన్న వరసలో మన కల్లు కూడా చేరిపోయింది. గట్టు పక్కన మోటార్‌సైకిళ్ళు, తర్వాత కార్లు ఆగడం మొదలైంది. లెక్చరర్లు, లాయర్లు, యూనివర్సిటీ పిల్లలు. తాటాకు దొన్నె పట్టుకోవడం రాక సగం కల్లు చొక్కాల మీద పోసుకునేవాళ్ళు. పోసుకుని ఫొటోలు దిగేవాళ్ళు. ముక్కు మూసుకున్న ఆ కోచింగ్ పిల్లలే వచ్చి "ఈ చెట్టుది జర వగరున్నది, ఆ చెట్టుది మస్తున్నది" అని తీర్పులు చెప్పేవాళ్ళు. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉండేది. మా అమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చునేది. నాన్న చెట్టు మీద నుంచి కిందికి చూసి నవ్వుకునేవాడు.

వాళ్ళందరినీ తోలుకొచ్చేది ఎల్బీనగర్ వైపు సంఘం నడిపే ఒకాయన. అందరికీ అన్న. మా నాన్న భుజం మీద చెయ్యేసి, అందరూ వినేలా అన్నాడొకసారి: "కాకా, రాష్ట్రం రానీ. నీ తాటిచెట్ల మీద ఎవడు చెయ్యేస్తడో నేను జూస్త." నాన్న ఆ మాటను ఇంటికి తెచ్చి అన్నం తింటూ మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, బడులు మూతబడ్డాయి, ఆఫీసులు బందు. మొదటి రోజు సాయంత్రం అన్న తన మనుషులతో చెట్ల కిందికి వచ్చాడు. నాన్న అప్పుడు చెట్టు మీదున్నాడు.

"కాకా, దిగు! తెలంగాణ అంతా పని బందువెట్టింది, నువ్వేంది చెట్టెక్కినవ్?"

"గెల గియ్యకుంటె ఎండుతది బిడ్డా. చెట్టుకు సమ్మె తెల్వది."

"నీకు నీ గెల ముఖ్యమా, రాష్ట్రం ముఖ్యమా? రేపు పొరగాళ్ళు నిన్ను ద్రోహి అంటె నేనేం జెప్పాలె?"

ద్రోహి. అంతకు ముందు వారం ఆ చెట్టు కల్లే తాగి మూతి తుడుచుకున్న మనిషి అన్న మాట అది. నాన్న నడుముకూ చెట్టుకూ చుట్టిన మోకు సడలించుకుంటూ మెల్లగా దిగాడు. దిగి, ఆయన ముందు నిలబడి అన్నాడు: "గీస్త. గియ్యకుంటె చెట్టు వోతది. గని కల్లు అమ్మను. సమ్మె అయిపోయేదాంక ఒక్క బొట్టు గూడ అమ్మను."

అన్న చప్పట్లు కొట్టాడు. వెంట వచ్చినవాళ్ళు జై కొట్టారు. మా అమ్మ మాత్రం "నీకేమన్న పిచ్చి లేసిందా?" అని అక్కడే, అందరి ముందే అడిగింది.

పిచ్చే మరి. సమ్మె నడిచినన్ని రోజులు నాన్న ఎప్పటిలాగే పొద్దునా సాయంత్రం చెట్లెక్కాడు, గెలలు చెక్కాడు, నిండిన లొట్లు దింపాడు, ఆ కల్లంతా చెట్ల మొదళ్ళలో పారబోశాడు. చేనంతా పులిసిన వాసన. ఈగలు, కందిరీగలు. పక్క చేను మేకలు అది నాకి తూలుతూ గట్టెక్కలేకపోయేవి. ఒళ్ళు వంచి చేసిన పనిని చేతులారా మట్టిలో కలపడం నేను అంతకు ముందు చూడలేదు. కూలీ ఆగినవాళ్ళకు కనీసం పడుకోవడానికైనా తీరిక దొరికింది, మా నాన్నకు పని అంతా ఉంది, ఫలం లేదు.

గుంటూరు పెద్దాయన గిన్నె తీసుకుని వచ్చాడు. "సమ్మె మీ ఇష్టమండీ, నేను కాదనను. నేలపాలు చేసేది నా గిన్నెలో పోస్తే ఏం పోయింది?" అన్నాడు. నాన్న రెండు చేతులూ జోడించి "మాట ఇచ్చిన సారూ" అన్నాడు. ఆయన తడిసిన మట్టి వంక చూసి, స్కూటర్ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం నేను ఎల్బీనగర్ చౌరస్తాలో శిబిరం దగ్గరికి వెళ్ళాను. మా కాలనీ ఆడవాళ్ళమంతా కలిసి చపాతీలు చేసి పట్టుకెళ్ళాం. టెంటు వెనక మంచినీళ్ళ డ్రమ్ము కోసం వెతుకుతుంటే అన్న కనబడ్డాడు. చుట్టూ మా చెట్ల కిందికి వచ్చే మొహాలే. స్టీలు గ్లాసుల్లో నురగ. పక్కన గోనెసంచి కింద బీరు సీసాలు. షాపులన్నీ బందు కదా, వెనక తలుపు నుంచి వీళ్ళకు దొరికాయన్నమాట. అన్న నన్ను చూసి కంగారు కూడా పడలేదు. "కల్లు లేకపాయె గద చెల్లె, ఏం జేస్తం" అని నవ్వాడు. నా చేతిలో చపాతీల గిన్నె ఉంది. దాన్ని ఆ గ్లాసుల మీదికి విసరకుండా ఎలా తిరిగి వచ్చానో నాకు ఇప్పటికీ తెలీదు. ఇంటికొచ్చి నాన్నకు చెబితే, "అలసిపోయుంటరు తియ్యి" అన్నాడు.

సమ్మె ముగిసింది. నాన్న గెలలన్నీ పచ్చిగా ఉన్నాయి, ఒక్కటి కూడా ఎండలేదు. మొదటి రోజు అమ్మ లొట్లు వరసగా పెట్టుకుని కూర్చుంది. వచ్చింది గుంటూరు పెద్దాయన ఒక్కడే. మేస్త్రీలు రాలేదు, కూలీలు రాలేదు. వాళ్ళు మాత్రం అన్ని రోజులు తాగకుండా ఎందుకుంటారు? దూరంగా ఇంకో చోట దొంగతనంగా అమ్మే మందు కల్లుకు మరిగారు. మందంటే మత్తు కోసం నీళ్ళలో కలిపే పొడి. దానికి అలవాటు పడ్డ నాలుకకు చెట్టు కల్లు చప్పగా ఉంటుంది. కొన్నాళ్ళకు తిరిగొచ్చిన ఒకరిద్దరు కూడా "నీ కల్లు ఎక్కుతలేదే అక్కా" అని మా అమ్మ ముఖం మీదే అని వెళ్ళిపోయారు. నువ్వూ అంత పొడి కలుపు అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. అమ్మ వాళ్ళను చెప్పు చూపించి తరిమింది. ఇక కార్లవాళ్ళంటారా, ఫొటోలు దిగడం అయిపోయింది, బీరు మళ్ళీ మొదలైంది.

రాష్ట్రం వచ్చిన రోజు మేమూ రంగులు చల్లుకున్నాం. కానీ అప్పటికే నాన్న ఆసామికి కట్టలేకపోతున్నాడు. ఆసామి ముందు చెప్పిన మాట ప్రకారమే మిషను తెప్పించడానికి సిద్ధమయ్యాడు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని అన్న దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆయన ఇప్పుడు పెద్ద మనిషి, బయట కుర్చీల్లో జనం. "కాకా, అది ప్రైవేటు భూమి. ఆయన చెట్లు ఆయన కొట్టుకుంటె మనమెట్ల ఆపుతం?" అన్నాడు. చాయ్ ఇప్పించాడు. నాన్న ఆ చాయ్ తాగాడు. నేను తాగలేదు. ఆ ఏడాదే చెట్లు పడిపోయాయి. అక్కడ లేచిన అపార్ట్‌మెంట్‌లో అన్న ఒక ఫ్లాటు కొనుక్కున్నాడు. ఎంత సిగ్గు లేకపోతే కొంటాడు!

నాకు ఉద్యోగం వచ్చింది, మీర్‌పేట్‌కు మారాం. ఆ కాలంలోనే నగరంలో కొత్త రకం బీరు దుకాణాలు వెలిశాయి. అద్దాల వెనక పెద్దపెద్ద రాగి రంగు పీపాలు, అక్కడే కాచి అక్కడే పోయడం. ఆఫీసులో ఒకరి ప్రమోషన్ పార్టీకి నన్నూ లాక్కెళ్ళారు. సీసాల్లో దొరికే బీరులాంటిది కాదు మేడమ్, ఇది బతికున్న బీరు, ఫ్యాక్టరీది కాదు, తాజాగా తాగాలి, నిలవ ఉండదు అని వడ్డించే అబ్బాయి భక్తిగా చెబుతుంటే మావాళ్ళంతా చిట్టి గ్లాసులు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇందులో నారింజ తొక్క, అందులో మాడిన కాఫీ అంటూ వాసనలు పట్టారు. నిలవ ఉండదన్న మాట కల్లుకు తిట్టు, బీరుకు పొగడ్త! నాకు ఒళ్ళు మండిపోయి బయటికి వచ్చి ఆటో ఎక్కాను. రెండేళ్ళు తిరగకుండానే వాళ్ళే "అబ్బే, అక్కడ ఇప్పుడేం లేదండీ, నీళ్ళ బీరు" అని పెదవి విరిచారు. ఆ పీపాల దగ్గర ఎవరో ఒళ్ళు దాచుకోకుండా పని చేసే ఉంటారు. వాళ్ళ గతేమైందో పెదవి విరిచినవాళ్ళకు పట్టలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అన్న మా ఇంటికి వచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి.

"కాకా, గా కొత్త బీర్లు తాగి తాగి నోరు చచ్చింది. అందరు మళ్ళ మన కల్లే కావాలంటున్నరు. వచ్చే ఆదివారం మా దోస్తులు ఒస్తున్నరు. అసలు చెట్టు కల్లు తాపియ్యాలె నువ్వు."

నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసే నాకు మండింది.

"అన్నా, మీ ఇంటి లిఫ్టున్న కాడనే మా నాయిన గీసిన పెద్ద తాటిచెట్టుండె. లిఫ్టెక్కి కల్లు దింపమంటరా?" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. "చెల్లె జోకులు మస్తేస్తది" అన్నాడు. నాన్న నా వైపు తిరిగి, "ఊకో బిడ్డా, ఇంటికొచ్చినోళ్ళను గట్లనద్దు" అన్నాడు.

ఆ ఆదివారం తెల్లారేసరికి నాన్న బస్సెక్కి ఇబ్రహీంపట్నం అవతల, మా మేనమామ ఇంకా గీస్తున్న ఊరికి వెళ్ళాడు. క్యాను ఒళ్ళో పెట్టుకుని, ఎండలో రెండు బస్సులు మారి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. చెమట తుడుచుకోకుండానే ఫోన్ చేశాడు. అన్న గొంతు గదంతా వినబడింది.

"కాకా, ప్రోగ్రాం మారింది. మావోళ్ళకు ఏదో కొత్త జిన్ను సీసా దొరికిందంట, గండిపేట దిక్కు పోతున్నం. కల్లు మళ్ళెప్పుడన్న తాగుదం."

"మంచిది బిడ్డా" అని నాన్న ఫోన్ పెట్టేశాడు. ఆ రెండు ముక్కలు కాక ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. తిట్టు నాన్నా, ఒక్కసారి తిట్టు అని నోటి దాకా వచ్చింది. నేను ఫోన్ లాక్కుని మళ్ళీ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

అమ్మ మూడు గ్లాసుల్లో పోసింది. నాన్న తన గ్లాసు ముట్టుకోలేదు. "మీరు తాగున్రి, పొద్దుగూకితే పులుస్తది" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను తాగాను. తియ్యగా, చివర సన్నటి వగరుతో, అద్భుతంగా ఉంది. బాగాలేకపోయుంటే నాకింత కోపం వచ్చేది కాదు.