నల్ల తెర మీద బారసాల

ఫిషింగ్ హార్బర్ దగ్గర మాకో నెట్ సెంటర్ ఉండేది. కొట్టు మా అక్క మొగుడిది, చాకిరీ నాది. ఉన్నవి రెండే పాత కంప్యూటర్లు. వాటికున్న మెమరీకి ఇంకేదీ నడవదని లినక్స్ అనే తేలికపాటి సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాను. ఆన్ చేస్తే నల్ల తెర మీద తెల్లక్షరాలు వచ్చేవి. లాగినై ఇంకో కమాండ్ కొడితేగాని బొమ్మల తెర వచ్చేది కాదు. ఆ నలుపంటే బావకి అస్సలు గిట్టదు.

"పొద్దున్నే బోణీకి నల్ల మొహం సూడ్డమేటి?" అనేవాడు.

ఓ ఆదివారం నేను లేకుండా చూసి, ద్వారకా నగర్ నుంచి ఎవరో కంప్యూటర్ మెకానిక్‌ని పట్టుకొచ్చాడు. కంప్యూటర్ నేరుగా బొమ్మల లాగిన్‌తో లేచేట్టు, దాని వెనకాల అప్పన్న దేవుడి పటం నిండుగా కనబడేట్టు తెర సెట్టింగులన్నీ మార్పించాడు.

మర్నాడు యారాడ నుంచి ఓ బాలింత వచ్చింది, ఒళ్లో ఆడపిల్ల. మొగుడు ఓడలో పని. ఓడ ఎక్కడో దూరపు రేవులో ఆగింది. అతను ఒడ్డుకొచ్చి గంటసేపు చాట్‌లో ఉంటాడు, ఆ తర్వాత మళ్లీ ఎప్పుడో. తెల్లారితే బారసాల. పిల్ల మొహం చూశాకే పేరు చెబుతానన్నాడట. అతను చెప్పేదాకా ఈవిడ ఎవరినీ పేరెత్తనివ్వలేదు.

కంప్యూటర్ ఆన్ చేశాను. అప్పన్న ఒక్క క్షణం కనబడి మాయమయ్యాడు. తెర మిణుకుమంది, మళ్లీ వచ్చాడు, మళ్లీ పోయాడు. రెండో కంప్యూటర్ రిపేరుకెళ్లింది. ఇంకో నెట్ సెంటర్ వెతుక్కునేసరికి అతను ఓడెక్కేస్తాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అగరుబత్తీ పట్టుకుని నిలబడ్డ బావని బయటికి పొమ్మన్నాను. అగరుబత్తీతోనే బయటికి నడిచాడు.

లినక్స్ లేచేటప్పుడు ఏ స్థాయిలో ఆగాలో ఓ అంకె చెబుతుంది. దాన్నే రన్‌లెవల్ అంటారు. మా దాంట్లో మూడంటే నెట్‌తో సహా అన్నీ పనిచేస్తాయి, కాకపోతే అక్షరాలే. ఐదంటే ఆ పైన బొమ్మల లాగిన్ కూడా. ఐదు మొరాయిస్తోంది కాబట్టి రీబూట్ చేసి, మొదట్లోనే మూడు అని కొట్టాను. నల్ల తెర వచ్చింది, నెట్ కలిసింది. తెర సెట్టింగులు చెడిపోవడంతో, పాత కమాండ్ కొట్టినా బొమ్మల తెర మాత్రం రాలేదు. అక్షరాలతో నడిచే చాట్ తెరిచాను. అతనింకా ఉన్నాడు.

ఈ అక్షరాల తెర మీద కెమెరా పనిచెయ్యదని ఆమెతో చెప్పక తప్పలేదు. ఆమె పిల్లని కాసేపు చూసింది.

"నాను సెప్తానక్కా, నువ్వు కొట్టు. రంగు నాదే. జుట్టు సానా ఉంది. ఎడం సెవి సివర మడతడిపోయుంటాది. నిద్దట్లో పిడికిలి ఇప్పదు."

తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. అటునుంచి ఏమీ లేదు. లైను కట్టయిందేమోనని చూశాను, ఉంది. చాలాసేపటికి ఒక వాక్యం వచ్చింది: "మాయమ్మ సెవీ అలాగే ఉండీది." దాని కింద వాళ్లమ్మ పేరు. తర్వాత అతను వెళ్లిపోయాడు.

పేరు చదివి వినిపించాను. ఆమె రేపటిదాకా ఆగలేదు. ఆ మడత చెవి దగ్గరికి వంగి మూడుసార్లు పిలిచింది. నాకు ఏడుపొచ్చింది.

బావ ఎప్పుడొచ్చాడో, గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆరిపోయిన అగరుబత్తీ మళ్లీ వెలిగించి, ఆ నల్ల తెరకే చూపించాడు.