పటంలో పచ్చగా ఉన్న కాలనీ

నేను పనిచేసే పరిశోధన సంస్థలో మేం అందరికీ గాలి విషయంలో న్యాయం చేస్తుంటాం. "పర్యావరణ న్యాయం" అన్న మాట మా ప్రాజెక్టు పేరులో ఉంది, గోడమీది పోస్టర్లలో ఉంది, అతిథులకిచ్చే గుడ్డసంచీ మీద కూడా ఉంది. ఢిల్లీలో పేదవాళ్లే ఎక్కువ పొగ ఎందుకు పీలుస్తున్నారన్నది మా ప్రశ్న. ఆ ప్రశ్నను సంపన్నులుండే వసంత్ కుంజ్‌లోని మా ఆఫీసులో తలుపులు బిగించుకుని, మూలకో ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకుని తీవ్రంగా చర్చిస్తాం. ఆ చర్చల్ని జనం చదవగలిగే నివేదికలుగా రాయడం నా ఉద్యోగం.

జవాబు కనిపెట్టడానికి గాలిని కొలిచే చిన్న యంత్రాలు తెప్పించారు. ఒక్కోటి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. వాటిని పెట్టే చోట కరెంటు పోకూడదు, వైఫై ఉండాలి, ఎవరూ ఎత్తుకుపోకూడదు. ఇన్ని సౌకర్యాలున్న పేదవాళ్ల కోసం మావాళ్లు నిజాయితీగానే వెతికారు, పాపం. దొరకలేదు. దాంతో యంత్రాలన్నీ గురుగ్రామ్ అపార్ట్‌మెంట్లకు, మా ఉద్యోగుల స్నేహితుల బాల్కనీలకు చేరాయి. పేదల ఊపిరితిత్తుల మీద పరిశోధన పై అంతస్తుల్లో, తులసి కుండీల పక్కన హాయిగా మొదలైంది.

ఒక యంత్రం మిగిలింది. నాకు వెంటనే అక్క గుర్తొచ్చింది.

అక్క అంటే తోబుట్టువు కాదు. కాకినాడ దగ్గరి ఊరి మనిషి, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. నేను ఢిల్లీ వచ్చిన కొత్తలో కటవారియా సరాయ్‌లో నా గది పక్కన భర్తతో, చంటిపిల్లతో ఉండేది. ఆ గదులకు కిటికీలు ఉన్నాయనడానికి ఉన్నాయి. తెరిస్తే పక్కింటి గోడ. ఎప్పటికైనా ఆకాశం కనబడే కిటికీ ఉన్న ఇల్లు కొంటానని అక్క అంటుండేది. అన్నట్టే నగరం అంచున ఓ కాలనీలో రెండు గదుల ఇల్లు కొన్నారు. పాస్టరుగారొచ్చి ప్రార్థన చేసిన రోజు అక్క నన్ను వంటింట్లోకి కాదు, తిన్నగా కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

"చూడమ్మా, ఎంత ఆకాశమో! గోడే లేదు!" అంది.

గోడ లేకపోవడం వల్ల తర్వాత వచ్చిన చెత్త ప్లాంటు కూడా బాగా కనబడింది. మేమంతా పారేసిన చెత్తను తగలబెట్టి కరెంటు తీస్తారట అక్కడ. కరెంటు మావైపు వస్తుంది, పొగ అక్కవైపు వెళుతుంది. పిల్లకు ఉబ్బసం పట్టుకుంది. ముచ్చటపడి కొనుక్కున్న ఆ కిటికీని మూసేసి, సందుల్లో పొగ దూరకుండా చుట్టూ టేపు అంటించారు. ఇప్పుడా ప్లాంటును ఇంకా పెంచుతారట. ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడతారు. పొగ వస్తోందని కాలనీవాళ్లు మొత్తుకుంటే అధికారులు అడిగేది ఒక్కటే, రుజువేది అని.

ఆ మిగిలిన యంత్రం అక్కింట్లో పెడదామని మా టీమ్ లీడర్‌ని అడిగాను. ఆయనా తెలుగాయనే, హైదరాబాదు.

"ప్లాంట్ అంత దగ్గర ఉంటే ఎట్లమ్మా? రీడింగ్స్ ఎక్కువ వస్తయ్. గైడ్‌లైన్స్ ప్రకారం పొగకి దూరంగ పెట్టాలె" అన్నారు.

అక్కకు ఫోన్లో ఇదే చెప్పాను. "అంటే జొరం ఉన్నోళ్లకి ధర్మామీటరు పెట్టకూడదంటావా?" అంది.

అదృష్టం కొద్దీ విదేశాల్లోని దాతల నుంచి మెయిల్ వచ్చింది. పేదల గురించిన ప్రాజెక్టులో పేదల ఫొటో ఒక్కటీ లేదేమని అడిగారు. నిబంధనలు ఆ పూటే మెత్తబడ్డాయి. అందరం కారేసుకుని వెళ్లి, కిటికీ బయటి ఇనుప చువ్వలకు యంత్రం బిగించి, అక్కనూ పిల్లనూ దాని పక్కన నిలబెట్టి ఫొటో తీసుకున్నాం. ఇల్లు కాస్త శుభ్రంగా ఉండటం ఫొటోగ్రాఫరుకు నచ్చలేదు గానీ సర్దుకున్నాడు.

చలికాలమంతా అక్క దాన్ని వార్డులో రోగిని కనిపెట్టుకున్నట్టు కనిపెట్టుకుంది. కరెంటు పోతే ఇన్వర్టరుకు తగిలించేది. ప్లాంటు పొగ వదిలినప్పుడల్లా అంకెలు ఎగిరేవి, పిల్ల దగ్గేది. "ఈసారి సభలో ఆళ్లేమంటారో సూద్దాం" అనేది అక్క. నాకూ సంబరంగానే ఉండేది. మా సంస్థ వల్ల ఒక్క మనిషికైనా మేలు జరగబోతోందని నిజంగా నమ్మాను.

తీరా పటం తయారై నా బల్ల మీదికి వచ్చింది. చెడ్డ గాలికి ఎరుపు, మంచి గాలికి ఆకుపచ్చ. అక్క కాలనీ పచ్చగా ఉంది. వసంత్ కుంజ్ కంటే పచ్చగా ఉంది!

ముద్రణలో పొరపాటేమో అనుకున్నాను. కాదట. చుట్టుపక్కల యంత్రాల కంటే ఏదైనా యంత్రం మరీ ఎక్కువ అంకె చూపిస్తే, అది చెడిపోయిందని మా సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది, ఆ అంకెలు తీసేస్తుంది. చుట్టుపక్కల యంత్రాలంటే బాల్కనీల్లో తులసి కుండీల పక్కన ఉన్నవి. అక్క యంత్రంలో పొగ వచ్చిన గంటలన్నీ ఎగిరిపోయి, పొగ లేని గంటలు మాత్రం మిగిలాయి. ఒళ్లు మండింది. టీమ్ లీడర్ గదిలోకి వెళ్లాను.

"మిషిన్ ఖరాబై ఉంటది" అన్నారాయన.

"ఖరాబు కాలేదండీ. పొగొచ్చింది."

"పొగనే అని ప్రూవ్ చెయ్యాలంటే రీడింగ్స్ కావాలె గదా."

"ఆ రీడింగ్సే కదండీ మీరు తీసేసింది!"

"తీసెయ్యలేదమ్మా, క్లీన్ చేసినం."

గాలిని శుభ్రం చేయడం ఇంత తేలికని ప్రభుత్వాలకు ఇంకా తెలిసినట్టు లేదు. నేను గట్టిగా పట్టుబడితే నివేదిక అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం వేయించారు. కొన్ని అసాధారణ విలువలను ప్రామాణిక పద్ధతిలో తొలగించాం, అని. ఎవరివో, ఎందుకో లేదు.

సభ రోజున అక్క సెలవు పెట్టి వచ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను. ప్లాంటు తరఫున వచ్చిన పెద్దమనిషి మా పటాన్నే పెద్ద తెర మీద వేశాడు. ఇంత నిష్పాక్షికంగా పరిశోధన చేసిన మా సంస్థకు ధన్యవాదాలు కూడా చెప్పాడు. నేను లేచి మైకు అందుకుని, ఆ పటంలోంచి పొగను మేమే తీసేశామని చెప్పాను.

సభ నడిపిస్తున్న అధికారి నావైపు జాలిగా చూశాడు. "మేడమ్, యే బాత్ రిపోర్ట్ మే లిఖీ హై?"

తీసేసింది పొగనేనని రాసి లేదన్నాను.

"ఠీక్ హై. బైఠియే" అని కూర్చోమన్నాడు.

విస్తరణకు అభ్యంతరం చెప్పదగ్గ రుజువులేవీ సభ ముందుకు రాలేదని రాసుకున్నారు. అంత కోపం, అంత సిగ్గు నాకు అంతకు ముందెప్పుడూ కలగలేదు.

సాయంత్రం అక్కతో పాటే వాళ్లింటికి వెళ్లాను. ఇంటికి రాగానే అక్క ఫోను బల్ల మీద పెట్టి, బియ్యం కడగడానికి వెళ్లింది. సభలో తెర మీది పటాన్ని అక్క ఫొటో తీసుకుంది కాబోలు, పిల్ల ఫోను తెరిచి దాన్ని చూసింది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ హిందీలోనే మాట్లాడుతుంది.

"ఆంటీ, యే హమారా ఘర్ హై నా? హరా మతలబ్ అచ్ఛా?"

ఇది మా ఇల్లే కదా, పచ్చరంగంటే మంచిదేనా అని అడుగుతోంది. మంచిదే అన్నాను.

"తో ఖిడ్కీ ఖోల్ దూఁ?"

అక్క చేతిలో బియ్యం గిన్నెతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నావైపే చూస్తోంది. అయితే కిటికీ తీయనా అని పిల్ల అడిగింది నన్ను. జవాబు చెప్పాల్సింది నేనే.

"వద్దమ్మా" అన్నాను.

"క్యోఁ?" అంది, ఎందుకని. టేపు అంచు అప్పటికే సగం ఊడదీసింది.