అన్నిటికన్నా కింద ఉన్న ట్రాక్

మా మాస్టారు పోయారని నాకు పొద్దున పదకొండింటప్పుడు తెలిసింది. హైదరాబాదులో నేను పనిచేసే చోట ఒక సీరియల్‌కి సౌండ్ సరిచేస్తున్నాను. రెంటచింతల చర్చిలో పాటల బృందాన్ని నడిపే జోజమ్మక్క ఫోన్ చేసింది. "ఏమే, మాస్టారు పోయారే. టీ తాగతా తాగతా కూలబడ్డారంట" అంది. నేను సరేనని ఫోన్ పెట్టేసి, తెర మీద ఉన్న పనిని కొత్త నంబరుతో సేవ్ చేసి, అప్పుడు లేచాను. లేచే ముందు సేవ్ చేయాలన్నది ఆయన నేర్పిందే. ఏడవడానికి ముందు కూడా సేవ్ చేశానంటే నన్ను ఎలా తయారు చేశారో మీరే చూడండి.

నరసరావుపేటలో మాస్టారి ఇంటి సందు మొదట్లో నాకన్నా ముందే ఫ్లెక్సీ వెలిసింది. ఎన్నికలప్పుడల్లా ఆయన దగ్గర ప్రచారం పాటలు చేయించుకున్న నాయకుడి ముఖం జానెడు, మాస్టారి ముఖం బొటనవేలంత. కింద 'ప్రముఖ సంగీత దర్శకులు' అని వేశారు. ఆయన జన్మలో ఒక్క పాటకు బాణీ కట్టలేదు. ఆయన చేసింది మిక్సింగ్. విడివిడిగా రికార్డు చేసిన గొంతుల్నీ వాయిద్యాల్నీ కంప్యూటర్లో ఒకచోట చేర్చి, ఎవరిది ఎంత వినపడాలో చూసి, ఒక్క పాటగా నిలబెట్టడం. ఇన్నేళ్లు ఆయన చుట్టూ తిరిగినవాళ్లకు ఆ సంగతి కూడా తెలియదు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అక్కడ కోప్పడే అర్హత అందరికన్నా తక్కువ ఉన్నది నాకే. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన స్టూడియో పురుగుమందుల కొట్టు మీద రెండు గదులు. బయటి చప్పుడు రాకుండా గోడలకు పాత బొంతలు కొట్టి ఉండేవి. నేను నడికుడి నుంచి ప్యాసింజరు బండిలో వచ్చేదాన్ని. మా నాన్నకు అక్కడ రైల్వేలో ఉద్యోగం. డిగ్రీ అయ్యాక సౌండ్ పని నేర్చుకుంటానంటే మా ఇంట్లో నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఎవరో సరిచేయమని పంపిన సెషన్ ఒకటి తెరిచి నా ముందు పెట్టారు. సెషనంటే ఒక పాటకు సంబంధించిన రికార్డింగులన్నీ ట్రాకులుగా, ఒకదాని కింద ఒకటి పేర్చి ఉండే ఫైలు. అందులో తొంభై ఆరు ట్రాకులున్నాయి, ఒక్కదానికీ పేరు లేదు.

"చూడమ్మాయ్, ఇదేందో. తిరునాళ్లలో పిల్లల్ని వదిలేసినట్టు వదిలేశాడు. ఎవురు ఎవురి బిడ్డో ఎట్టా తెలవాలి?" అన్నారు.

ఆ రోజంతా మేం పాట ముట్టుకోలేదు. ఒక్కో ట్రాకు వినడం, పేరు పెట్టడం, రంగు వేయడం. డప్పులకు ఎరుపు, తీగ వాయిద్యాలకు పసుపు, గొంతులకు ఆకుపచ్చ. అన్నిటినీ ఎనిమిది గుంపులు చేసి, పాట మొత్తాన్నీ ఆ ఎనిమిది మీటల మీద నడిపించేవారు. "వంద మంది ఒక్కసారి అరిస్తే ఏం వింటావ్? ఎనిమిది మందినైతే కూర్చోబెట్టి అడగొచ్చు" అనేవారు. నాకు విసుగొచ్చేది. కాఫీ తెచ్చే వంకతో కిందికి పోయి అరగంటకు గానీ వచ్చేదాన్ని కాదు.

రెంటచింతల బృందం నలభై మంది. గదిలో పట్టేది నలుగురే. నలుగురి చొప్పున పిలిచి, ఒక్కొక్కరికి ఒక మైకు పెట్టి, రెండేసి సార్లు పాడించేవారు. వాయిద్యాలు కూడా కలిస్తే ట్రాకులు వంద దాటేవి. నేనైతే ఆడగొంతు ఒకటి, రెండు, మూడు అని పెట్టేదాన్ని. ఆయన పాడిన మనిషి పేరు, ఏ వైపు వినపడాలి, ఎన్నోసారి పాడింది అన్నీ కలిపి 'ఇన్నమ్మ, ఎడమ, రెండోసారి' అని పెట్టేవారు. ప్రతి ట్రాకు పక్కనా గమనికల కోసం చిన్న గడి ఉంటుంది, లోకంలో ఎవరూ దాన్ని వాడరు. ఆయన ఒక్కటీ ఖాళీగా వదిలేవారు కాదు. ఒకదాంట్లో రాసింది నాకిప్పటికీ గుర్తు: 'రెండో చరణంలో దగ్గింది. తీయొద్దు. దగ్గినాకే బాగా పాడింది.'

"ఎవరు చదువుతారు మాస్టారూ ఇవన్నీ?" అని అడిగాను.

"రేపు దీన్ని తెరిచేవాళ్లు. నేనుంటానో లేనో. నన్నడక్కుండానే వాళ్లకి అర్థం కావాల."

ఆ బృందం సెషన్‌లోనే అన్నిటికన్నా కింద బూడిదరంగు ట్రాకు ఒకటి ఉండేది. పేరు 'అమ్మ'. వాళ్లమ్మ రెంటచింతల ఆవిడే, జోజమ్మక్క వాళ్లమ్మతో కలిసి మిరపకోతలకు పోయిన మనిషి. చివరి రోజుల్లో ఆమెను స్టూడియోకి ఎత్తుకొచ్చి, ఫ్యాను ఆపి, కోతపాట ఒకటి పాడించారు. ఏడు నిమిషాలు. ఆ తర్వాత రెండు నెలలకే ఆమె పోయింది. బృందం పాటల్లో ఎక్కడో ఒకచోట ఆ గొంతు పెట్టాలని ఆయన ఆశ. చోటు దొరికేదాకా వినపడకుండా మ్యూట్ చేసి కింద ఉంచారు.

ఒక పొద్దున సెషన్ తెరుచుకోవడానికే పది నిమిషాలు పట్టింది. బృందం మెట్లెక్కి వస్తోంది, మాస్టారు ఇంకా రాలేదు. మ్యూట్ చేసిన ట్రాకులన్నీ పనికిరానివేలే అనుకుని, పేర్లు చదవకుండా ఒక్కసారే పట్టుకుని తీసేశాను. వాడని రికార్డింగులు డిస్కులోంచి పూర్తిగా చెరిపేయమంటారా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. చెరిపేయమన్నాను. రోజూ చేసే పని కాబట్టి, అలా శుభ్రం చేసినదాన్నే జాగ్రత్త కోసం ఉంచుకున్న రెండో డిస్కు మీదికీ, అక్కడి పాతదాన్ని తుడిచి, ఎక్కించాను. సెషన్ చకచకా తెరుచుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మధ్యాహ్నం ఆయన తెర మీద వెతికారు. "అమ్మాయ్, అమ్మ పాట కనపడట్లా."

పొద్దున తీసేసిన వాటిలో అదీ పోయిందని అప్పుడు తెలిసింది. "డిస్కు పాడైనట్టుంది మాస్టారూ" అన్నాను.

ఆయన నా వంక చూశారు. తర్వాత తెర వంక చూశారు. "అట్నా" అన్నారు. కుర్చీ వెనక్కి జరుపుతూ, "అయితే ఆ డిస్కు పక్కన పెట్టు" అన్నారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. మూడు నెలలకు నాకు హైదరాబాదులో పని చూసిపెట్టిందీ ఆయనే. ఇక్కడ నా సెషన్లు చూసి అందరూ మెచ్చుకుంటారు, ఇంత పద్ధతి ఎక్కడ నేర్చుకున్నావంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. ఆరేళ్లు ఫోన్ చేసినప్పుడల్లా ఈసారి చెప్పేద్దామనుకున్నాను. ప్రతిసారీ ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను.

పెద్దకర్మ అయ్యాక పిన్ని, అంటే మాస్టారి భార్య, చీర కొంగులో చుట్టి ఒక డిస్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "రెంటచింతలోళ్ల కొత్త పాటలంట. నాకేమన్నా అయితే అమ్మాయికియ్యి, అదే ముగిస్తదని చానాసార్లు అన్నారే" అంది.

డిస్కు మీద చీటీ ఉంది. 'మెయిన్' అని నా చేతిరాత. నేను పాడైందన్న డిస్కు అది. ఆయన ఒక్కరోజు కూడా దాన్ని పక్కన పెట్టలేదు, ఆరేళ్ల పని మొత్తం దాని మీదే చేశారు. రెండు డిస్కుల్లోనూ సరిగ్గా ఆ మ్యూట్ ట్రాకులే పాడయ్యాయని నమ్మడానికి ఆయనేం అమాయకుడు కాదు. ఆ 'అట్నా' అన్నప్పుడే ఆయనకు తెలుసు. తెలిసీ నన్ను పనికి పంపారు. సిగ్గుతో పిన్ని ముఖం చూడలేకపోయాను.

బొంతల గదిలో కూర్చుని సెషన్ తెరిచాను. నూట పధ్నాలుగు ట్రాకులు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఇన్నమ్మ ఉంది, ఇప్పుడు ముందు వరుసలోకి వచ్చింది. ప్రతి గడిలోనూ ఆయన మాటలే. ఎవర్నీ ఏమీ అడగాల్సిన పని లేదు. అన్నిటికన్నా కింద బూడిదరంగు ట్రాకు. పేరు 'అమ్మ'. నేను తీసేశాక ఆయనే మళ్లీ పెట్టింది. లోపల ఏమీ లేదు. డిస్కులో ఉన్న పాత సెషన్లు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. ఆరేళ్లలో చేసిన ప్రతిదాంట్లోనూ అడుగున అదే ఖాళీ ట్రాకు ఉంది. దాని పక్క గడిలో మాత్రం ఎక్కడా ఒక్క అక్షరం రాయలేదు.

నన్ను రాయమని వదిలారో, నన్ను ఒక్క మాట అనడానికి మనసు రాలేదో తెలియదు. అడగడానికి మనిషి లేరు. కొత్త సెషన్‌లో ఆ గడి మీద నొక్కి, 'డిస్కు బాగానే ఉంది. నేనే చెరిపాను' అని రాశాను. ఆరేళ్లు నోరు దాటని మాట రాయడానికి అర నిమిషం పట్టలేదు. ఇక చదవాల్సిన ఒక్క మనిషీ చదవరు.

కొత్త నంబరుతో సేవ్ చేసి పాట పెట్టాను. నలభై మందీ అందుకున్నారు. ఎక్కడిదాకా వచ్చామో చూపించే సన్నటి గీత అందరి మీదుగా కుడివైపుకి జరుగుతోంది. అడుగున ఆ బూడిదరంగు ఖాళీ మీదుగా కూడా అదే నడకతో, ఏమీ వినిపించకుండా పోతోంది.