సాంచ మీది పాత బొట్టు

మొన్న దసరా పొద్దున జగిత్యాలలో మా ఇంట్లో, మా బిడ్డ బైక్‌కూ మిక్సీకీ పసుపు రాసి, చివరికి వాషింగ్ మెషీన్‌కు కూడా కుంకుమ బొట్లు దిద్దుతుంటే నవ్వుదామనుకున్నాను గానీ నవ్వు రాలేదు. మా అక్క పెనిమిటి, సిరిసిల్ల బావ గుర్తొచ్చాడు. నా ఈడు వాళ్ళకు ఆనాటి సిరిసిల్ల గురించి చెప్పనక్కర్లేదు. మరమగ్గాన్ని మనం సాంచ అనే అనేవాళ్ళం, బస్సు ఊళ్ళోకి రాకముందే ఆ సాంచాల చప్పుడు ఎదురొచ్చేది, షెడ్డులో పక్కవాడితో మాట్లాడాలంటే వాడి చెవిలో నోరు పెట్టాల్సిందే.

బావ పుట్టింది కోనరావుపేటలో, తాటిచెట్లెక్కే ఇంట్లో. మోకు విడిచిపెట్టి సాంచాలు పెట్టుకున్నవాడు కనుక, కొత్త బిచ్చగాడు పొద్దెరుగడన్నట్టు, పుట్టు నేతగాళ్ళకంటే ఎక్కువ మురిపెంగా వాటిని చూసుకునేవాడు. దసరా నాడు నూనె జిడ్డంతా తుడిచి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. ఎంత తుడిచినా పాత బొట్టును మాత్రం ముట్టేవాడు కాదు, దాని మీదే కొత్తది పెట్టేవాడు. ఏళ్ళ తరబడి అది పెచ్చులా గట్టిపడింది.

నేనేమో జగిత్యాలలో ఒక ట్రస్టు వాళ్ళ చిన్న మ్యూజియంలో పాత యంత్రాలను చూసుకునే ఉద్యోగం చేసేవాణ్ణి. గోడ గడియారాలు, చెరుకు గానుగ, కోరుట్ల సినిమా హాల్లోంచి వచ్చిన ప్రొజెక్టరు, ఇవే నా లోకం. మా పెద్దసారు నేర్పిన నీతి ఒక్కటే, పాతదాన్ని కొత్తది చేయొద్దు, ఉన్నది పోకుండా చూడు. నడిపితే అరుగుతుంది, అరిగిందల్లా మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది ఆ వస్తువు కాదు, దాని పేరు. ఆ మాటను నేను వేదంలా నమ్మాను.

పని దొరక్క బావ సాంచాలు ఒక్కొక్కటే పాత ఇనుము కింద పోతుంటే, ఆఖరిదాన్ని మా మ్యూజియానికి నేనే అడిగి తెచ్చాను. బావ సంబరం అంతా ఇంతా కాదు. అప్పుడప్పుడు తానే వచ్చి దాన్ని నడిపి, బడిపిల్లలకు గుడ్డ నేసి చూపించవచ్చని ఆయన ఆశ. నడపకూడదని నేను చెప్పేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"నడిస్తెనే సాంచ, బామ్మర్దీ. ఆగినంక గది ఉత్త ఇనుమే" అన్నాడు.

అదీ నిజమే. నడిపితే అటూ ఇటూ దారం మోసే నాడె, తోలు పట్టీలు, పళ్ళచక్రాలు అన్నీ ఒకదాని వెనక ఒకటి మారిపోతాయని, బావ చెయ్యి పడ్డ ముక్క ఒక్కటీ మిగలదని పెద్దసారు అన్నదీ నిజమే. నేను మాత్రం అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

నడపనీయకపోతే మానె, బొట్టన్నా పెట్టుకుంటానని ఆ దసరాకు బావ కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పట్టుకుని బస్సెక్కి వచ్చాడు. తడి పసుపు ఇనుముకు తుప్పు తెస్తుంది. పైగా ఆ పాత బొట్టును మేము చరిత్ర కింద జమకట్టి, మెత్తని కుంచెతో దాని మీది దుమ్ము దులుపుతున్నాం. పాత బొట్టు పాడవుతుంది కనుక కొత్తది పెట్టకూడదని పెద్దసారు ఎంతో మర్యాదగా చెప్పారు. సాంచకు అడ్డంగా మేము కట్టిన తాడు ఇవతల నిలబడి బావ నా దిక్కు చూశాడు.

"గా బొట్టు పెట్టింది గూడ నేనే గద?"

 

మరుసటి దసరాకు ఆయన రాలేదు, నేనే సిరిసిల్ల వెళ్ళాను. సాంచను బిగించిన బోల్టులు ఖాళీ షెడ్డు నేలలో అలాగే ఉండిపోయాయి. బావ ఆ బోల్టులకే పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకుంటున్నాడు. చూడలేక వాకిట్లోకి వచ్చేశాను. తర్వాత ఆయన వేములవాడలో ఒక లాడ్జికి కాపలాకు కుదిరి, అక్కడే జబ్బుపడి చనిపోయాడు. షెడ్డును కిరాయికిచ్చారు, వచ్చినవాళ్ళు బోల్టులు కోయించి టైల్స్ పరిపించుకున్నారు.

ఆయన పోయి ఏడాది తిరిగాక అక్క ఒకసారి మ్యూజియానికి వచ్చింది. చక్రాలనూ చూడలేదు, దారాలనూ చూడలేదు, ఆ బొట్టునే చూస్తూ నిలబడింది. గా బొట్టు ఇంకెన్నేండ్లుంటది తమ్మీ అని అడిగింది. నేర్చుకున్న విద్య అదే కనుక, ఎవరూ ముట్టుకోకపోతే చాలా ఏళ్ళుంటుందక్కా అన్నాను.

"ఎవ్వలు ముట్టకపోతెనా..." అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని వెనక్కి జరిగింది.

నేను రిటైరైనా అప్పుడప్పుడు వెళ్ళి చూస్తుంటాను. సాంచకు తుప్పు పట్టలేదు, బొట్టు పెచ్చు రాలలేదు, చేయవలసిందంతా సరిగ్గానే చేశాం. మన రోజుల్లో వస్తువైనా మనిషైనా పనిచేస్తూ చేస్తూ పాతబడేది, ఇప్పుడు ముందు ఆపేసి, తర్వాత భద్రంగా దాస్తున్నారు. ఇంత భద్రంగా ఉన్నదాన్ని చూస్తే గుండెకు ధైర్యం రావాలి. నాకు ఏడుపొస్తుంది.