మా అత్తగారి శ్రుతిపెట్టెకి సోలారు

ఫిజిక్సు లెక్చరరు కోడలిగా ఉన్న ఇంట్లో చిన్న సోలారు కిట్టు కొనడం ఏమంత పని అని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఎచ్చెర్ల దగ్గర ఒక జూనియర్ కాలేజీలో ఏళ్ళ తరబడి కరెంటు పాఠాలు చెప్తున్నాను. అక్కడ పిల్లలు వింటారు, కనీసం విన్నట్టు నటిస్తారు. పొందూరులో మా ఇంట్లో ఆపాటి మర్యాద కూడా లేదు.

అసలు అవసరం ఒక్కటే. మా అత్తగారు సాయంత్రాలు వీధిలో పిల్లలకి సంగీతం చెప్తారు. గుడిలో పాడే సేవ వాళ్ళ పుట్టింటిది. మామగారు పోయాక ఆవిడకి మిగిలిన లోకం ఆ పాఠమే. చెవులు మందగించాక తంబురా శ్రుతి చేసుకోవడం ఆవిడ వల్ల కాలేదు. చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చాం. అది బీరువాలో నగల పక్కన భద్రంగా ఉంది. ఇక ఆధారమల్లా కరెంటుతో మోగే శ్రుతిపెట్టె. దానిలో సెల్లులు వేసే గది ఎప్పుడో తుప్పు పట్టింది కాబట్టి గోడ ప్లగ్గే గతి. ఫోన్లో తంబురా యాప్ పెట్టి చూశాం. సరళీ స్వరాల మధ్యలో ఎవరో అమ్మాయి ఫోన్ చేసి మీకు లోను కావాలా అని అడిగింది. ఆ ప్రయోగం అక్కడితో సరి.

మా వీధి కరెంటుకి మంచి క్రమశిక్షణ ఉంది. పిల్లలు చాప మీద కూర్చోగానే పోతుంది, వాళ్ళు చెప్పులు వేసుకోగానే వస్తుంది. పక్క వీధిలో ఇంకో పంతులమ్మ ఇన్వర్టరు పెట్టించింది. మా పిల్లలు ఒక్కొక్కరే అటు జారుకున్నారు. అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుందని చెప్పారు గానీ పాట ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు.

"ఇలాగైతే మానేస్తానే," అన్నారు అత్తగారు ఒకరోజు నాతో. "సుతి నేకుండా ఏటి సెప్తాను? తప్పు పాడినా నాకు తెల్దు కదా."

మానేస్తే ఆవిడ ఏమైపోతారో నాకు తెలుసు. పరీక్షల రోజుల్లో పిల్లలు రాకపోతే చూశాను. సాయంత్రం అయ్యేసరికి ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంటారు. ఎవరూ రారని తెలిసీ కూర్చుంటారు.

మేమూ ఒక ఇన్వర్టరు కొంటే సరిపోయేది. కానీ మా ఆయన అప్పటికే సోలారు వీడియోలు చూడటం మొదలుపెట్టారు. వీడియోలు చూసిన మనిషితో ఫిజిక్సు చదివిన మనిషి వాదించి గెలవడం కల్ల.

"నువ్వు సెప్పేది కాలేజీ ఫిజిక్సు," అన్నారు. "ఇది ఇంటి వ్యవహారం."

శ్రీకాకుళం షాపుకి ఆయన, వాళ్ళ బావ, నేను వెళ్ళాం. బావ అంటే మా ఆడపడుచు భర్త. రైసు మిల్లులో మేనేజరు కాబట్టి తిరిగేదీ వెలిగేదీ ఏదైనా ఆయన శాఖ కిందికే వస్తుంది. షాపతను మంచివాడు, అడగవలసిన మొదటి ప్రశ్న అడిగాడు.

"ఏటేటి నడపాలండి?"

"అన్నీ," అన్నారు మా ఆయన.

"ఫ్రిజ్జు, గ్రైండరు, బోరు మోటారు," అని బావగారు ఆ 'అన్నీ'ని వివరించారు.

"ఒక శ్రుతిపెట్టె, ఒక బల్బు, ఒక చిన్న ఫ్యాను," అన్నాను నేను. ముగ్గురూ నాకేసి జాలిగా చూశారు.

అయినా చెప్పాను. ముందు ఏం నడపాలో, ఎంతసేపు నడపాలో తేల్చుకోవాలి. ఆ కాసేపటికీ సరిపడా బ్యాటరీ, మబ్బు పట్టిన రోజుకి ఇంకాస్త. ఆ బ్యాటరీని పగలల్లా నింపగల ప్యానెలు. కడుపు చూసుకుని ఎసరు పెట్టుకోవడమే, ఇందులో బ్రహ్మవిద్య లేదు. మా ఆయన మెచ్చుకోలేదు గానీ, బోరు మోటారుకి సరిపోయే సామాను ఎంతవుతుందో షాపతను చెప్పగానే ఆయనకి నా ఫిజిక్సు మీద గౌరవం కలిగింది. చిన్న కిట్టే కొన్నాం. బావగారు దారి పొడుగునా బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చని అంటూనే ఉన్నారు.

కిట్టు ఎంచడంలో గెలిచాను కదా అని పొంగిపోయాను. దాన్ని ఎటు తిప్పాలో ఎంచే హక్కు నాది కాదని డాబా ఎక్కాక తెలిసింది.

"దక్షిణం వైపు వాలుగా పెట్టాలి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ అటునుంచే పడుతుంది," అన్నాను.

అత్తగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "దక్షిణమా? యముడి దిక్కే అది! సూర్యుడికి గుడి కట్టుకున్న జిల్లాలో పుట్టి, సూర్యుడి సామానుని యముడికి సూపిస్తామేటే?"

సూర్యుడు తూర్పున పుడతాడు, దణ్ణం తూర్పుకి పెడతాం, కాబట్టి ప్యానెలు తూర్పుకి తిరగాలి. ఇంత పకడ్బందీ తర్కం నా సిలబస్‌లో లేదు. మా ఆయన అమ్మ మాటే అన్నారు. బావగారు దిక్కుల గురించి కూడా మిల్లులోనే నేర్చుకున్నారట, ఆయనా తూర్పే అన్నారు. మెట్ల గది తూర్పు గోడకి ప్యానెలుని దేవుడి పటంలా నిటారుగా ఆనించారు. నాలుగు మూలలా పసుపు, మధ్యలో రూపాయి కాసంత కుంకుమ బొట్టు, పైనుంచి బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టి హారతి ఇచ్చారు. ఆదివారం ఆదివారం దండ మారేది. ఎండకి పనిచేయవలసిన ప్యానెలుకి మా ఇంట్లో వాళ్ళు భక్తితో గొడుగు పట్టారు.

పొద్దున్న ఎండ ముఖాన పడినంతసేపు అది బుద్ధిగా పనిచేసేది. మధ్యాహ్నం నుంచి మెట్ల గది నీడలో హాయిగా కునుకు తీసేది. ఎండాకాలం కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చింది. "సూసేవా? తూర్పు తూర్పే," అని మా ఆయన నన్ను ఓడించిన ఆనందంలో ఫోను కూడా దానికే తగిలించి చార్జింగు పెట్టుకున్నారు. పిల్లలు కొందరు తిరిగొచ్చారు. అత్తగారి గొంతు మళ్ళీ వీధి చివరి దాకా వినిపించింది. ఆ మాట ఒప్పుకోవాలి, నాకూ సంతోషంగానే ఉండేది.

వానాకాలం తెరిపి రోజుల పుణ్యమా అని గడిచింది గానీ, కార్తీకంలో రోజుల తరబడి ముసురు పట్టింది. ఒక సాయంత్రం అలవాటు ప్రకారం కరెంటు పోయింది. సోలారు బల్బు వెలిగింది, శ్రుతిపెట్టె మోగింది, పాఠం నడుస్తోంది. నేను వంటింట్లో చారు పోపు పెడుతున్నాను. కాసేపటికి బల్బు మసకబారి ఆరిపోయింది, పెట్టె ఆగిపోయింది. పాట మాత్రం ఆగలేదు.

అత్తగారు కళ్ళు మూసుకుని పాడుతున్నారు. గొంతు మెల్లగా కిందికి దిగుతోంది. పిల్లలు గురుభక్తితో ఆవిడ వెంటే దిగుతున్నారు. నాకు సంగీతం రాదు, అయినా తేడా నాకే తెలిసిపోయింది. దీపం పట్టుకుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

చివరికి ఒక పిల్ల ఆవిడ మోకాలు తట్టింది. "అమ్మమ్మా, సుతి ఆగిపోనాది."

ఆవిడ కళ్ళు తెరిచారు. "ఎప్పుడే?"

పిల్లలు చాప అంచులు పీకుతూ కూర్చున్నారు. ఆవిడ పెట్టె మీద గుడ్డ కప్పి, ఇవాళ్టికి చాలు, పొండి అన్నారు. అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నారు. తూర్పు మాట ఎత్తి మా ఆయన్ని దులిపేద్దామని ఎన్నాళ్ళుగానో మాటలు దాచుకున్నాను. ఆ పూట అవేవీ ఎత్తకుండా ఆవిడ అన్నం మీద మూత పెట్టి వచ్చాను.

పొద్దున్న లేచేసరికి ఆవిడ మంచం ఖాళీగా ఉంది. డాబా మీద ఉన్నారు. బంతిపూల దండ తీసి పక్కన పెట్టి, తడి కొంగుతో కుంకుమ బొట్టు తుడుస్తున్నారు. మా ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చారు.

"ఒరే, దీన్ని దక్షిణానికి తిప్పరా."

"అమ్మా, యముడి దిక్కని నువ్వే కదా..."

"యముడికి నేనున్న సంగతి తెల్దేటి? ఆయనొచ్చే దాకా ఊరికే కూకోలేను. పిల్లలకి పాఠం సెప్పాల. తిప్పు."

అని నాకేసి తిరిగారు. "ఎంత వాలుగా పెట్టాలో సెప్పవే. నీకు తెల్సు కదా."

ఏళ్ళ తరబడి ఈ మాట కోసం కాచుకున్నదాన్ని. తీరా అన్నాక, వాలు ఎంతో చేత్తోనే చూపించాను.

మబ్బులు విడిచాక ఒక సాయంత్రం పిల్లలు వచ్చారు. కరెంటు పోయింది. బల్బు తెల్లగా వెలిగింది, శ్రుతిపెట్టె గది నిండా మోగింది. అత్తగారు చెయ్యెత్తి పాట ఎత్తుకోబోయి ఆగారు. తల కాస్త పక్కకి వంచి, నన్ను దగ్గరికి పిలిచారు.

"కొంచెం పెంచవే. బాగా సన్నంగా వస్తాది."

పెట్టె ముందు కూర్చుని మోత పెంచే మర చూశాను. అది చివరికంటా తిరిగే ఉంది.

ఆవిడకి కనిపించేలా దాని మీద చెయ్యి పెట్టి, "పెంచాను అత్తా," అన్నాను.

"ఆ, ఇప్పుడు బాగున్నాది," అని పాట ఎత్తుకున్నారు.