రెండుసార్లు లైటు కొట్టాను

నా పదవీ విరమణకు సరిగ్గా మూడేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో, రవాణా శాఖ నన్ను రెండు వారాల శిక్షణకు ఇంగ్లండ్ పంపింది. అప్పుడు నేను కర్నూలులో మోటారు వాహనాల తనిఖీ అధికారిని. ఆ పొడుగాటి పేరు కాగితాల్లోనే ఉంటుంది, జనానికి మేము బ్రేకిన్‌స్పెక్టర్లం. లైసెన్సు పరీక్షలు పెట్టడం, బండ్లకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఇవ్వడం, ప్రమాదానికి గురైన బండిని చూసి బ్రేకు పనిచేసిందో లేదో రాసివ్వడం మా పని. ఆ రోజుల్లో లైసెన్సింగ్ అధికారి బాధ్యత కూడా నాకే ఉండేది. అంటే తప్పు చేసిన డ్రైవరును పిలిపించి, విచారించి, లైసెన్సును కొన్నాళ్ళు నిలిపేసే అధికారం నా సంతకానికి ఉండేది. కడపలో పన్నెండేళ్ళు, కర్నూలులో అంతకంటే ఎక్కువ కాలం పనిచేశాక ఆ సంతకం మీద నాకు కొంచెం ఎక్కువే నమ్మకం కుదిరింది.

విమానమెక్కే ముందురోజు బల్ల మీద మిగిలిన ఫైళ్ళన్నీ తేల్చేశాను. అందులో ఒకటి సుజాత అనే నర్సుది. ఆత్మకూరు దగ్గర ఒక క్రైస్తవ కుటుంబం అమ్మాయి, ఏడేళ్ళుగా ఇంగ్లండ్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. లైసెన్సు మా ఆఫీసులో తీసుకున్నదే గానీ, కారు నిజంగా నడిపిందంతా అక్కడే. సెలవు మీద వచ్చి, అన్న కారులో తల్లిని ఎక్కించుకుని నందికొట్కూరు వైపు బయలుదేరింది. దారిలో కాలువ మీద ఒక పాత వంతెన ఉంది. ఒకసారికి ఒక బండే పడుతుంది. ఎదురుగా ఉల్లిగడ్డల లోడుతో మాబాషా అనే అతని మినీలారీ వచ్చింది. ఇద్దరూ వంతెన ఎక్కారు, నడిమధ్యలో గుద్దుకున్నారు. తల్లికి చెయ్యి విరిగింది.

షోకాజ్ నోటీసులు ఇచ్చి ఇద్దరినీ పిలిపించాను. మాబాషా చెప్పింది సూటిగా ఉంది.

“నేను రొండు సార్లు లైటు కొట్టినా సార్. నేను వస్తాండా, నువ్వు నిలబడమని. కొట్టినాంక గూడా ఆయమ్మ వంతెన ఎక్కిచ్చె. పైగా చెయ్యెత్తి నన్నే నిలబడమన్నాది. లోడు బండి యాడ నిలబడ్తాది సార్?”

సుజాత ఇంకోటి చెప్పింది. ఎదుటి డ్రైవరే లైటు వేసి తనను రమ్మన్నాడంది. రమ్మంటేనే వెళ్ళానంది. నాకు చిరాకు పుట్టింది. మా జిల్లాలో లైటు కొట్టి దారిచ్చే డ్రైవరును నేను సర్వీసు మొత్తంలో చూడలేదు. ఏ డ్రైవరమ్మా లైటేసి రమ్మనేది అని వెటకారంగానే అడిగాను.

“అందరూ అట్లే గదా సార్” అంది.

ఆ జవాబు నాకు పొగరుగా వినిపించింది. పొరపాటున వచ్చానని ఒక్క మాట అనివుంటే మందలించి పంపేవాణ్ణి. ఆమె మాత్రం అదే మాట మీద నిలబడింది. ఎదుటి బండిని చూసి, చెయ్యెత్తి మరీ వచ్చిన మనిషి ఇప్పుడు నిందను పక్కవాడి మీదికి నెడుతోందని తేల్చుకున్నాను. లైసెన్సు మూడు నెలలు నిలిపేస్తూ, ఆమె వాఙ్మూలం అసత్యమని కారణం చూపిస్తూ ఉత్తర్వు రాయించడం మొదలుపెట్టాను. ఆమె బల్ల దగ్గరికొచ్చింది.

“అబద్ధం చెప్తాండానని రాస్తాండారా సార్? లైసెన్సు పెట్టుకోండి, నాకు బాధ లేదు. ఆ మాట మాత్రం రాయొద్దండి. ఇంగ్లండ్ నర్సుల రిజిస్టరులో ఉండల్లంటే ఇట్లాంటివి నేను ఆడ చెప్పుకోవల్ల. అబద్ధమాడే మనిషి చేతికి మందులెవరిస్తారు సార్? నా పని పోతాది.”

నేను రాయించాను. సంతకం పెట్టి, పెట్టె సర్దుకోవడానికి ఇంటికి వెళ్ళాను.

ఇంగ్లండ్‌లో మా శిక్షణ డ్రైవింగ్ పరీక్షల గురించి. రాష్ట్రం నుంచి వెళ్ళిన మా జట్టుకు నాయకత్వం మా జిల్లా డిప్యూటీ ట్రాన్స్‌పోర్ట్ కమిషనర్‌ది. మేము డీటీసీ మేడం అనేవాళ్ళం. గుంటూరు వైపు మనిషి, మాట తక్కువ, చూపు ఎక్కువ. రెండో వారంలో ఉత్తరాన కొండల్లో ఉన్న ఒక పరీక్షా కేంద్రాన్ని చూడటానికి ఆమె, నేను వెళ్ళవలసి వచ్చింది. రైలు సౌకర్యం లేదు. అక్కడా మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, స్టీరింగు కుడివైపే ఉంటుంది. కాబట్టి కారు అద్దెకు తీసుకుని నన్నే నడపమన్నారు. ఎందరికో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్లు సంతకం చేసి ఇచ్చిన నేను, నా పర్మిట్టును జేబులోంచి తీసి ఇంకొకరికి చూపడం అదే మొదలు.

మేము అడిగింది చిన్న కారు. అది లేదని అదే అద్దెకు ఎగ్జిక్యూటివ్ సెలూన్ అనే పెద్ద కారు ఇచ్చారు. కంపెనీల పెద్ద అధికారులు తిరిగే రకం, నల్లగా, పొడుగ్గా, తోలు సీట్లతో ఉంది. బ్రేకు చూడకుండా బండి కదిలించే అలవాటు నాకు లేదు. వంగి నాలుగు టైర్లూ చూశాను. మేడంను వెనక నిలబెట్టి బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చెప్పమన్నాను. పది గజాలు నడిపి బ్రేకు గట్టిగా తొక్కాను. తాళాలిచ్చిన అమ్మాయి కంగారుగా బయటికి పరుగెత్తుకొచ్చింది. కారులో లోపమేమీ లేదు, ఈయన ఉద్యోగమే అది అని మేడం సర్దిచెప్పారు.

ఆ కారు నాకు మర్యాద ఎక్కువైన అల్లుడిలా అనిపించింది. క్లచ్చి లేదు, గేర్లు అవే మారతాయి. ఎడమ కాలికి పని లేక, అది లేని క్లచ్చిని వెతుక్కుంటూ రెండుసార్లు బ్రేకు మీద పడింది. వెనక కూర్చున్న మేడం రెండుసార్లూ ముందు సీటు పట్టుకున్నారు. ఇంజను చప్పుడే లేదు. మేము బండి ఆరోగ్యాన్ని సగం చెవితో చూస్తాం, అక్కడ నా చెవికి దొరికింది వాన చినుకుల చప్పుడొక్కటే. వేగం అంకె ముందు అద్దం మీదే తేలుతూ కనిపించేది. గీత దాటబోతే స్టీరింగు తనంతట తానే చేతిని వెనక్కి లాగేది. మొదటిసారి అది జరిగినప్పుడు బండి పాడయిందనుకుని పక్కకు ఆపాను. రెండు గంటల దారిలో ఒక్క హారను వినలేదు, నేనూ కొట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ నిశ్శబ్దంలో నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది. మన రోడ్ల మీద నడిపినవాడికి ఇక్కడ నడపడం ఒక లెక్కా అనుకున్నాను.

కొండల్లోకి వెళ్ళాక దారి ఇరుకైంది. రెండు పక్కలా రాతి గోడలు, ఒక మలుపు, మలుపు దాటగానే వాగు మీద ఒక రాతి వంతెన. ఒక బండే పడుతుంది. ముందు ఎవరు పోవాలో చెప్పే బోర్డు లేదు. అవతలి ఒడ్డున ఒక చిన్న ఎర్ర కారు వస్తోంది. మా ఇద్దరికీ వంతెన ఇంచుమించు సమదూరం. నా వేళ్ళు వాటంతట అవే కదిలాయి. రెండుసార్లు లైటు కొట్టి, వేగం తగ్గించకుండా వంతెన ఎక్కాను.

ఎర్ర కారు ఆగలేదు. అదీ వంతెన ఎక్కింది.

నేను బ్రేకు తొక్కేలోపే కారు తనే బ్రేకు వేసుకుంది. బెల్టు ఛాతీకి బిగుసుకుంది. రెండు బంపర్ల మధ్య జానెడు చోటు మిగిలింది. బ్రేకిన్‌స్పెక్టరు కంటే ముందు అద్దె కారు బ్రేకు వేసిందన్న సంగతి చాలాసేపటి తర్వాత గానీ నా బుర్రకెక్కలేదు. అప్పటికి కనిపించింది ఎర్ర కారులోని ముసలామె ఒక్కతే. ఆమె స్టీరింగు మీంచి చెయ్యి ఎత్తి, అరచేయి నా వైపు చూపించింది.

నాకు ఒళ్ళు మండింది. లైటు కొట్టినా వచ్చింది చాలక నన్నే ఆగమంటోంది చూడండి అన్నాను మేడంతో.

ఆమె వెనక సీట్లోంచి నెమ్మదిగా చెప్పారు. “ఆగమనడం లేదు. మీరు రమ్మన్నారు, ఆవిడ వచ్చింది. థ్యాంక్స్ చెబుతోంది. నవ్వుతోంది చూడండి. వారం రోజులుగా బస్సులో చూస్తున్నాను, ఇక్కడ లైటు వేస్తే ముందు మీరు వెళ్ళండని అర్థం. వెనక్కి తీయండి.”

ముసలామె నిజంగానే నవ్వుతోంది. కారును వెనక్కి తీసి గోడ పక్కన ఆపాను. ఆమె మమ్మల్ని దాటుతూ ఇంకోసారి చెయ్యెత్తింది. నేను బండి కదిలించలేకపోయాను. మాబాషా మాటలు వరసగా గుర్తొచ్చాయి. లైటు కొట్టినా, అయినా వచ్చె, పైగా చెయ్యెత్తె. నేను అసత్యమని రాసిన మాట అక్షరాలా నిజం. ఒకే లైటును ఇద్దరూ రెండు రకాలుగా చదువుకున్నారు. “అందరూ అట్లే గదా సార్” అని ఆ అమ్మాయి అన్నది పొగరుతో కాదు. ఏడేళ్ళుగా తాను రోజూ చూసిందే చెప్పింది. అట్లే అంటే ఎట్లా అని నేను అడగలేదు. ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను.

మేడంకు అక్కడే మొత్తం చెప్పాను.  మా ఉత్తర్వుల మీద అప్పీలు వినేది డీటీసీ గారే. ఒకసారి సంతకం పెట్టిన ఉత్తర్వును మార్చుకునే అధికారం నాకు లేదు.

“ఆ ఫైలు నా దగ్గరికి వస్తే ఇప్పుడు చూసింది నేను వాడుకోలేను. అది ఫైల్లో లేదు. మీరు రాస్తే ఉంటుంది” అన్నారు మేడం.

కర్నూలుకు తిరిగొచ్చేసరికి సుజాత అప్పీలు నా బల్ల మీద ఉంది. ఆమె సెలవు ఇంకా తొమ్మిది రోజులే మిగిలింది. అప్పీలు వచ్చినప్పుడు కింది అధికారి పేరావారీ రిమార్కులు పంపాలి. అంటే అవతలివారు రాసిన ఒక్కో పేరాకు మన జవాబు. ఆనవాయితీ ప్రకారం అందులో రాసేది ఒక్కటే, ఉత్తర్వు సక్రమమేనని. నేను ఏం రాయబోతున్నానో చెబితే, మా సీనియర్ అసిస్టెంటు రాఘవేంద్ర కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

“సార్, శానా తలనొప్పి తెచ్చుకుంటాండారు. ఇన్‌స్పెక్టరే యాక్సిడెంటు చెయ్యబోయినాడని ఫైల్లో ఉంటే రేపు ప్రతి లాయరూ అదే చదువుతాడు. ఆయమ్మకు పొరపాటు అయ్యిండొచ్చని ఒక ముక్క రాసి పంపండి, చాలు.”

అతను నా మంచి కోరే చెప్పాడు. నాకూ ఆశ కలిగింది. కానీ పొరపాటు అయ్యిండొచ్చు అన్న ముక్కతో అసత్యం అన్న మాట చెరగదు. ముందు మాబాషాను పిలిపించాను. ఆ అమ్మాయి చెప్పిందీ నిజమేనని అనేసరికి అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

“అయితే ఇప్పుడు నా లైసెన్సు పోతాదా సార్? ఇంట్లో ఇంకొకరి సంపాదన ల్యా.”

పోదని చెప్పి కూర్చోబెట్టాను. ఆ అమ్మాయి చెయ్యెత్తినప్పుడు ముఖం ఎలా ఉందో అడిగాను. అంతకుముందు విచారణలో అడగని ప్రశ్న అది.

“నవ్వుతా ఎత్తినాది సార్. అదే నాకు మంట” అన్నాడు. తర్వాత ఆగి, “గుద్దుకునేటప్పుడు ఎవరైనా నవ్వుతారా సార్?” అని తనే అడిగాడు. ఆ మాట రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాను.

రిమార్కులు నాలుగు పేజీలు వచ్చాయి. ఇద్దరు డ్రైవర్లూ నిజమే చెప్పారని రాశాను. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్న నేను, అద్దె కారులో, బోర్డు లేని వంతెన దగ్గర, మాబాషా చేసిందే చేశానని, ఎదుటి వృద్ధురాలు సుజాత చేసిందే చేసిందని రాశాను. సుజాతను అడగవలసిన ప్రశ్న అడగకుండానే ఆమె మాట అసత్యమని తేల్చానని, ఆ తప్పు నాదేనని రాశాను. పాత వంతెన దగ్గర ఎవరు ముందో తెలిపే బోర్డు పెట్టించాలని చివర కోరాను.

అయిదో రోజున మేడం ఉత్తర్వు వచ్చింది. నా ఉత్తర్వు రద్దయింది, ఆ మాట కొట్టివేయబడింది, మాబాషా మీద చర్య అవసరం లేదన్నారు. విచారణ లోపభూయిష్టంగా చేసినందుకు నాకు లిఖితపూర్వక హెచ్చరిక కూడా అందులోనే ఉంది. నా సర్వీసులో అదొక్కటే. వెనక సీట్లో తాను కూర్చున్న సంగతి ఆమె ఎక్కడా రాయలేదు.

సుజాత లైసెన్సు తీసుకోవడానికి తల్లితో వచ్చింది. తల్లి చేతికి ఇంకా కట్టు ఉంది. నేను లేచి నిలబడి క్షమాపణ చెప్పాను. 

“మీరు రాసింది అమ్మకు చదివి వినిపించినా సార్” అంది సుజాత. “మీకు జానెడు మిగిలె. మాకు మిగలల్యా.”

 రిజిస్టరులో సంతకం పెట్టించి లైసెన్సు చేతికిచ్చాను.

తర్వాతి మూడేళ్ళు నా ప్రతి విచారణలో ఒక ప్రశ్న అదనంగా ఉండేది. ఎదుటి బండి అలా చేసినప్పుడు నువ్వేమని అర్థం చేసుకున్నావు అని ఇద్దరినీ విడివిడిగా అడిగి రాయించుకునేవాణ్ణి. ఒక్కో కేసుకు అరగంట ఎక్కువ పట్టేది. రాఘవేంద్ర విసుక్కునేవాడు. చాలా కేసుల్లో ఆ జవాబు వల్ల ఏమీ మారలేదు. మూడింటిలో మారింది.