ముహర్రక్ దారిలో మొరాయించిన బండి

ఫోను పెట్టేసి, చొక్కా గుండీలు పెట్టుకుంటూనే గదిలోంచి బయటికి పరుగెత్తాను. ఆ రోజుల్లో నా భార్య రిఫాలో ఒక ఇంట్లో పనిచేసేది. నేను నువైద్రాత్ పక్కన పనివాళ్ళ క్యాంపులో ఉండేవాణ్ణి. ఇద్దరం బహ్రెయిన్‌లోనే ఉన్నా కలుసుకునేది మాత్రం శుక్రవారం, తెలుగు సహవాసంలో ప్రార్థన అయ్యాక కాసేపు. ఆమె వీసా ముగిసింది, శనివారం ఇండియా పంపేస్తామన్నారు. శుక్రవారం తీరిగ్గా మాట్లాడుకుందామనుకున్నాం. వాళ్ళ కఫీలుకు, అంటే వీసా ఇచ్చిన యజమానికి, ఏం తోచిందో, మంగళవారానికే టిక్కెట్టు తెచ్చాడు.

"ఏవండీ, ఇయ్యాళే పంపేత్తన్నారు. ఇంకాసేపట్లో బయల్దేరతాం. ఎయిర్‌పోర్టుకి వచ్చెయ్యండి," అని ఫోనులో గుసగుసలాడి పెట్టేసింది. నా అగ్రిమెంటు ఇంకా రెండేళ్ళుంది. ఇప్పుడు చూడకపోతే మళ్ళీ రెండేళ్ళ దాకా ఆమె మొహం చూడను.

బండి కిక్కు కొట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒక కిరాణా కొట్టువాళ్ళు ఏళ్ళ తరబడి సామాను మోయించి, అరగదీసి వదిలించుకున్న బండి అది. హైవే దాకా నడిచి టాక్సీ కోసం నిలబడే ఓపిక నాకు లేదు. కాలు కాలిన పిల్లిలా బండి చుట్టూ తిరుగుతూ తిడుతుంటే, నా గదిలోనే ఉండే నిజామాబాద్ అన్న పానా పట్టుకుని వచ్చాడు. అతను డ్రైవరు. బండ్ల గురించి తనకు తెలియనిది లేదని అతని నమ్మకం.

"ఆగు తమ్మీ, ఆగమాగం జేయకు. ప్లగ్గు జూద్దాం."

ప్లగ్గు విప్పి, తుడిచి, ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నిప్పురవ్వ బాగానే వచ్చింది. ఇక పెట్రోలు చూద్దామని ట్యాంకు మూత మీది కవరు విప్పాడు. ఆ కవరు అతను కట్టిందే. దుబాయి నుంచి ఇంటికి పట్టుకెళ్ళే వస్తువు కొత్తగా కనబడాలని (అతనికి గల్ఫంతా దుబాయే) ఫ్యానుకూ, టేపురికార్డరుకూ, ఆఖరికి టీవీ రిమోటుకూ ప్లాస్టిక్ తొడుగులు వేసే మనిషి. ఆ వారం దుమ్ము లేచిందని నా బండి మూతనూ వదల్లేదు. కవరు బిగించి చుట్టూ రబ్బరు బ్యాండు వేశాడు. ఇప్పుడు మూత తీసి బండి ఊపితే లోపల పెట్రోలు గలగలమంది. మూత పెట్టి, శ్రద్ధగా మళ్ళీ కవరు కట్టాడు. కిక్కు కొట్టగానే స్టార్టయింది.

"జూసినవా? నేను జెప్పలే, ప్లగ్గే!" అంటూ వెనక ఎక్కి కూర్చున్నాడు.

సిత్రా చేరకముందే బండి దగ్గి ఆగిపోయింది. ఈసారి కార్బురేటరు అన్నాడు. పానాతో దాన్ని నాలుగు తట్టాడు, మూత తీసి పెట్రోలు చూశాడు, కవరు కట్టాడు. స్టార్టయింది. "కార్బురేటరే," అన్నాడు. సిత్రా దాటి వంతెన మధ్యకు వచ్చాక మళ్ళీ ఆగింది. రెండువైపులా సముద్రం, నెత్తిన ఎండ. మా పక్కనుంచి దూసుకుపోతున్న కార్లలో ఆమె ఏ కారులో ఉందోనని ప్రతి అద్దంలోకీ తొంగిచూశాను. ఏడుపొచ్చింది, ఏడవడానికి కూడా తీరిక లేదు.

అన్న మళ్ళీ మూత తీశాడు, పెట్టాడు, కవరు అందుకున్నాడు.

"ఆ దిక్కుమాలిన కవరు ఆపన్నా!" అని లాగి పారేశాను. గాలి దాన్ని సముద్రంలోకి ఎత్తుకుపోయింది.

"ఇసుక వోతది తమ్మీ..."

"పోనీ!"

ఆ తర్వాత బండి ఆగలేదు. మనామా దాటాక నాకు వెలిగింది. నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెడితే నూనె కారదు, గాలికి ఇంకోటి పెట్టాలి. ట్యాంకు మూతలో ఉండే సన్నని బెజ్జం అందుకే. అన్న దాన్ని ప్రేమగా మూసేశాడు. మూత తీసినప్పుడల్లా కాస్త గాలి దూరి బండి నడిచింది, మేము ప్లగ్గునూ కార్బురేటరునూ మెచ్చుకున్నాం. తిట్టాలని నోరు తెరిచి, వెనక్కి చూసి ఊరుకున్నాను. పాపం, నాకంటే అతనే ఎక్కువ కంగారుగా రోడ్డు చూస్తున్నాడు.

ముహర్రక్‌లో ఎయిర్‌పోర్టు దగ్గర బండి అన్నకు వదిలి పరుగెత్తాను. లోపలికి పోయే తలుపు పక్కనే నా భార్య నేలమీద కూర్చుని పెట్టెలోంచి చీరలు తీసి విదిలిస్తోంది. వాళ్ళ మేడమ్ "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ అరుస్తోంది. పాస్‌పోర్టు కనబడటం లేదట. కంగారుపడ్డాను. మరుక్షణమే, పోతే పోయింది, ఈ రోజుకు ఆగిపోతుందిలే అని సంబరమూ కలిగింది.

ఆమె తలెత్తి నన్ను చూసింది. చటుక్కున అటు తిరిగి జాకెట్టులో చెయ్యి పెట్టి పాస్‌పోర్టు తీసింది. "దొరికింది మేడమ్," అంది. అప్పటిదాకా ఆ మనిషి అబద్ధమాడగా నేనెరగను.

మేడమ్ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసింది. ఏమర్థమైందో, అరవడం మాని కొంచెం దూరంగా వెళ్ళి నిలబడింది.

"ఎంతసేపని ఎతకనండీ?" అంది నా భార్య. "విదిలించటానికి ఇంక రెండు చీరలే మిగిలాయి."

పెట్టె సర్దడానికి నేనూ కూర్చున్నాను. ఒక చీర అంచు అందుకోబోయి ఆగాను. నా చేతుల నిండా ఇంజను మసి.

"చీరకు అంటుకుంటుందే," అన్నాను.

"అంటుకోనీయండి," అంది.